పిడుదు పంచాంగం

రైతుకు కార్తెలు ఉన్నట్లే విద్యుత్ ప్రసార శాఖలో పనిచేసే మావంటి వారికి కూడా ఒక పంచాంగం ఉంది. అది ఏ సిద్ధాంతిగారు గణించినదీ కాదు, ఏ ఉగాదినాడు చదివి వినిపించేదీ కాదు. మృగశిర కార్తెలో వానలు దిగిన నాటి నుండి పిడుగులు, గాలివానలు, లైను ట్రిప్పింగులు. స్వాతి కార్తెకు వానలు వెనుకపట్టగానే ఒక్కొక్క టవరు వద్దకు కాలినడకన వెళ్ళి తనిఖీ. ధనుర్మాసం మొదలుకొని తీగల కింద కారిడారులో పెరిగిన పొదల నరికివేత. శివరాత్రి దాటితే కార్చిచ్చు భయం. వేసవిలో షట్‌డౌన్లు, ఇన్సులేటర్ల మార్పిడి. మళ్ళీ వానలు. మూడు దశాబ్దాలకు పైబడిన ఉద్యోగ జీవితంలో మేము ఈ పంచాంగం ప్రకారమే నిద్ర లేచాము, ఈ పంచాంగం ప్రకారమే సెలవు పెట్టాము.

పశ్చిమ కనుమలలో లైన్ల నిర్వహణ బాధ్యత చేపట్టిన తరువాతనే అదే అడవిలో మరొక పంచాంగం నడుస్తున్నదని మాకు తెలిసివచ్చింది. దాని కర్త ఆవగింజంత ప్రాణి. కోస్తా జిల్లాలలో పిడుదు అంటారు, తెలంగాణలో గోమారి అంటారు. మలెనాడు ప్రాంతపు కన్నడిగులు ఉణుగు అంటారు. పల్లెటూళ్ళలో పుట్టి పెరిగిన పాఠకులకు దీనిని పరిచయం చేయనక్కరలేదు. ఎడ్ల చెవుల వెనుక, గేదె పొదుగు పక్కన నెత్తురు తాగి ఆముదపు గింజలా ఉబ్బి ఉండే పిడుదులను పెద్దవాళ్ళు పీకి నిప్పులలో వేయడం మనమందరం చూసినదే. పశువును పీడించే పురుగుగానే దానిని ఎరుగుదుము. మనిషి ప్రాణం మీదికి తెస్తుందని మాత్రం మన వైపు ఎవరూ అంతగా అనుకోరు.

మలెనాడులో అనుకుంటారు. అందుకు కారణం 1957 నాటిది. ఆ సంవత్సరం నాటి మైసూరు రాష్ట్రంలో, షిమోగా జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూరు అడవిలో కోతులు, కొండముచ్చులు గుంపులుగా చనిపోవడం కనిపించింది. అదే సమయంలో చుట్టుపక్కల గ్రామాలలో తీవ్రమైన జ్వరాలు వచ్చి మనుషులూ మరణించారు. కోతులు, మనుషులు కలిసి చనిపోవడంతో ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాలలో ఉండే పచ్చజ్వరం మన దేశంలోకి వచ్చిందేమోనని తొలుత భయపడ్డారు. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రం వారు (నేటి జాతీయ వైరాలజీ సంస్థ) అడవికి వచ్చి పరిశీలించి, ఇది దోమల ద్వారా వచ్చే పచ్చజ్వరం కాదనీ, పిడుదుల ద్వారా వ్యాపించే కొత్త వైరస్ అనీ తేల్చారు. అది రష్యా అడవులలో పిడుదుల వల్ల వచ్చే మెదడువాపు వైరస్‌కు దగ్గర బంధువు. ఆ అడవి పేరు మీదనే క్యాసనూరు అటవీ వ్యాధి అని పేరు పెట్టారు. స్థానికులు దానిని మంగన కాయిలె అంటారు, అనగా కోతి జబ్బు.

ఉత్తర దేశాల నుండి వలస వచ్చే పక్షులే దీనిని మోసుకొని వచ్చాయా అనే అనుమానం కూడా అప్పుడు కలిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో బొంబాయి ప్రకృతి విజ్ఞాన సంఘం వారు, ప్రసిద్ధ పక్షి శాస్త్రజ్ఞులు సలీం అలీ గారి నాయకత్వంలో, వేలాది పక్షుల కాళ్ళకు రింగులు తొడిగి అధ్యయనం చేశారు. పక్షుల వలసల గురించి ఎంతో విజ్ఞానం లభించింది గాని, జబ్బును అవే తెచ్చాయనడానికి రుజువు దొరకలేదు.

ఇక పిడుదు పంచాంగం సంగతి. ఈ వైరస్‌ను మోసే ముఖ్యమైన పిడుదు జాతి పేరు హీమాఫైసాలిస్ స్పైనిజెరా. దీని జీవితంలో గుడ్డు తరువాత మూడు దశలు ఉన్నాయి. ఆరు కాళ్ళ పిల్ల పిడుదు, ఎనిమిది కాళ్ళ నడితరం పిడుదు, ఆపైన ముదురు పిడుదు. ఒక్కొక్క దశలో ఒక్కసారి మాత్రమే ఏదో ఒక జంతువును పట్టుకొని కడుపునిండా రక్తం తాగి, కిందికి రాలి, ఆకుల చెత్తలో దాగి, తరువాతి దశకు మారుతుంది. ముదురు పిడుదులు వానాకాలంలో కనబడతాయి. ఇవి ఆవులు, గేదెలు, కణుజులు, అడవిదున్నలు వంటి పెద్ద జంతువులను ఆశ్రయిస్తాయి. ఆడ పిడుదు నేల మీద ఆకుల కింద వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. వానలు వెనుకపట్టిన తరువాత, అక్టోబరు మొదలుకొని, పిల్ల పిడుదులు బయలుదేరి ఎలుకలు, చుంచులు, నేల మీద తిరిగే పక్షులు, కోతుల మీదికి చేరుతాయి. వైరస్ ఉన్న జంతువు రక్తం తాగిన పిల్ల పిడుదు, రూపం మారినా వైరస్‌ను విడిచిపెట్టదు. నవంబరు, డిసెంబరు నెలలకు అది నడితరం పిడుదుగా మారి, గడ్డిపరక అంచున, పొద కొమ్మ చివర ముందు కాళ్ళు చాచి నిలబడి, అటుగా వచ్చే వెచ్చని ప్రాణి కొరకు ఎదురుచూస్తుంది. మనిషికి ప్రమాదం ప్రధానంగా ఈ నడితరం పిడుదు వల్లనే. వీటి ఉధృతి జనవరి, ఫిబ్రవరి నెలలలో అధికం. మే నెల వరకు ఉండి, మంచి వానలు పడగానే తగ్గిపోతుంది.

వానాకాలం అడవి అంటే జలగలు, పాములు, బురద, పిడుగులు. అక్కడ జాగ్రత్త వద్దన్నా వస్తుంది. సంక్రాంతి నాటి అడవి అలా కాదు. నేల ఆరి ఉంటుంది. ఉదయం మంచు, మధ్యాహ్నం నులివెచ్చని ఎండ. నడవడానికి హాయి. కట్టెలు, ఎండుటాకులు, సీకాయ ఏరుకొనడానికి గ్రామస్థులు అప్పుడే అడవికి వెళతారు. అటవీ శాఖ వారు కార్చిచ్చు పాకకుండా మంట గీతలు నరికించేది అప్పుడే. మా గ్యాంగులు కారిడారులోకి దిగేది కూడా అప్పుడే. ఈ రెండు పంచాంగాలు ఒకే పుట మీద ఇలా కలుస్తాయి.

2014 జనవరి నాటి విషయం ఒకటి చెప్పక తప్పదు. శివమొగ్గ జిల్లాలో పొదలు నరికే పనికి కాంట్రాక్టు మేస్త్రీ ఒకరు శ్రీకాకుళం జిల్లా నుండి 14 మందిని తీసుకొని వచ్చారు. టవరు పనులలో శ్రీకాకుళం వారి కష్టం గురించి మన శాఖలో తెలియని వారు లేరు. లోయలో క్యాంపు వేశారు. వంట చేయడానికి దగ్గరి ఊరి నుండి ఒక పెద్దావిడను కుదుర్చుకున్నారు. వాగు ఒడ్డున రెండు కొండముచ్చులు చచ్చి పడి ఉన్నాయని తెలిసి ఆమె చేతులు ఊపుతూ, "మంగ సత్తరె కాడిగె హోగబేడి" అని పదే పదే చెప్పిందట. కోతి చస్తే అడవిలోకి పోవద్దని దాని భావం. గ్యాంగులో కన్నడం తెలిసినవారు లేరు. మంచినీళ్ళు తెచ్చుకొనే చోటికి వాసన వస్తున్నదని, అందరిలోకి చిన్నవాడైన ఒక యువకుడు ఆ కళేబరాలను కాళ్ళు పట్టి దూరంగా ఈడ్చివేశాడు.

అటుపిమ్మట ఐదవనాడు వణుకుతో జ్వరం, నుదురు పగిలిపోయేంత తలనొప్పి. నడుము, పిక్కలు ఎవరో కర్రలతో కొట్టినట్లు నొప్పులు. కళ్ళు ఎర్రబడ్డాయి. మేము సబ్‌స్టేషను నుండి వెళ్ళేసరికి వాంతులు కూడా మొదలయ్యాయి. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారు నాడి చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న, "మీ పనిచోట కోతులేమైనా చచ్చాయా?" అని. మేస్త్రీ జరిగినది చెప్పాడు. రక్తం పరీక్షకు పంపించారు. మేమందరం పక్కన ఉండగానే ఆ మేస్త్రీ, "ఊర్లో కోళ్ళు సచ్చిపోనేదా బాబూ, వాన్రాలు సత్తే మనిసికేటవుద్దని అనుకున్నాం" అన్నాడు. ఆ మాటలో అతని తప్పేమీ లేదు. శ్రీకాకుళంలో కోతి చావు ఒక వార్త కాదు. మలెనాడులో అది గుడి గంట వంటిది. వినగలిగిన వారికి హెచ్చరిక, తెలియని వారికి ఉత్త చప్పుడు.

ఈ వ్యాధికి వైరస్‌ను చంపే ప్రత్యేకమైన మందు లేదు. శరీరంలో నీరు తగ్గకుండా, రక్తపోటు పడిపోకుండా, రక్తస్రావం జరిగితే తగిన రక్తాంశాలు ఎక్కించి, రోగిని ఆ గండం దాటించడమే వైద్యం. వ్యాధి సోకిన నూరుమందిలో ముగ్గురు నుండి ఐదుగురు చనిపోతారని వైద్యుల లెక్క. ఒక మనిషి నుండి మరొక మనిషికి ఇది అంటుకోదు. కొందరిలో జ్వరం తగ్గి, ఒకటి రెండు వారాలు బాగుండి, మళ్ళీ తిరగబెడుతుంది. రెండవసారి మెడ బిగుసుకొనడం, చేతుల వణుకు, మాట తడబాటు వంటి లక్షణాలు రావచ్చు. మా యువకుడికి అదే జరిగింది. తొమ్మిదవ రోజున జ్వరం విడిచినప్పుడు మేస్త్రీ రైలు టిక్కెట్టు తీశాడు. డాక్టరు గారు మాత్రం వెళ్ళనివ్వలేదు. ఆయన ఎందుకు ఆపారో పది రోజుల తరువాత జ్వరం తిరగబెట్టినప్పుడు అందరికీ బోధపడింది. టీ గ్లాసు పట్టుకొంటే సగం ఒలికిపోయేది. ఆ పిల్లవాడు ప్రాణాలతో బయటపడ్డాడు. ఉగాది నాటికి ఇల్లు చేరాడు. అయితే టవరు ఎక్కే పనికి మరి రాలేదు.

చచ్చిన కోతి అంత ప్రమాదకరం ఎందుకైందో చెప్పుకోవాలి. కోతులకు ఈ వైరస్ సోకితే అవి తట్టుకోలేవు. జబ్బుతో ఉన్న కోతి రక్తం తాగిన పిడుదులన్నీ వైరస్‌ను పొందుతాయి. కోతి చనిపోయి ఒళ్ళు చల్లబడగానే దానిమీది పిడుదులు దిగి చుట్టూ నేల మీద చెదిరిపోతాయి. అందువల్ల ఆ కొద్దిపాటి స్థలం పాతర వేసిన మందుగుండు వలె తయారవుతుంది. పశువుల కథ వేరు. వాటికి ఈ జబ్బు రాదు గాని, ముదురు పిడుదులకు ఆహారమై వాటి సంతతిని పెంచుతాయి, అడవి పిడుదులను ఊరి పొలిమేరకు తెస్తాయి.

చాలా కాలం ఈ వ్యాధి కర్ణాటకలోని శివమొగ్గ, ఉత్తర కన్నడ, దక్షిణ కన్నడ, ఉడుపి, చిక్కమగళూరు జిల్లాలదేనని అందరూ భావించారు. 2012 చివరిలో బండీపుర జాతీయ ఉద్యానం ఆ భావనను చెరిపివేసింది. 1973లో పులుల సంరక్షణ పథకం మొదలైనప్పుడు దేశంలో ఎంపికైన తొలి తొమ్మిది అడవులలో బండీపురం ఒకటి. మలెనాడు వలె ఎడతెగని వానలు కురిసే సతత హరితారణ్యం కాదు. ఎక్కువ భాగం వేసవిలో ఆకులు రాల్చే పొడి అడవి. అక్కడ చనిపోయిన కోతుల కళేబరాలను తగలబెట్టే పనిలో పాల్గొన్న అటవీ కార్మికులు జ్వరాలతో ఆసుపత్రి పాలైనారు. పరీక్షలలో అది కోతి జబ్బేనని తేలింది. తరువాత కొద్ది సంవత్సరాలలోనే తమిళనాడులోని నీలగిరి, కేరళలోని వయనాడు, గోవాలోని సత్తరి, మహారాష్ట్రలోని సింధుదుర్గ్ ప్రాంతాలలో ఇది కనిపించింది. 2018 చివరి నుండి 2019 వరకు సాగర తాలూకాలోని అరళగోడు ప్రాంతంలో మళ్ళీ విజృంభించి కొన్ని కుటుంబాలకు తీరని శోకం మిగిల్చింది. ఆ ఊరు శరావతి లోయలోనిది. శరావతి జలవిద్యుత్తు మన వృత్తివారందరికీ పాఠ్యపుస్తకం వంటిది కాబట్టి ఆ వార్త మమ్మల్ని మరింత కలచివేసింది.

మన సహోద్యోగులలో చాలామంది ఎల్.టి.సి. మీద కుటుంబంతో మైసూరు, ఊటీ చూడటానికి వెళ్ళి ఉంటారు. ఆ రహదారి బండీపురం గుండానే పోతుంది. వారికి భయం కలిగించడం మా ఉద్దేశం కాదు. బస్సులో కూర్చొని ఏనుగులను చూసి వచ్చేవారికి పిడుదు ప్రమాదం స్వల్పం. దారి పక్కన దిగి కోతులకు అరటిపండ్లు పెట్టకుండా ఉంటే చాలు. అది చట్టరీత్యా కూడా తప్పే. అదే ఉద్యానంలో తెల్లవారుజామున కాలినడకన గస్తీ తిరిగే కాపలాదారు, మంట గీత నరికే దినకూలీ, తేనె కొరకు వెళ్ళే గిరిజనుడు మన బదులు ఆ ప్రమాదాన్ని భరిస్తున్నారు. మనం చూసి ఆనందించే పులి వెనుక వారి కాళ్ళు ఉన్నాయి. మన ఇంట వెలిగే దీపం వెనుక కూడా అటువంటి కాళ్ళే ఉన్నాయి.

ఇందులో అడవిని మార్చిన మనుషుల పాత్ర కూడా లేకపోలేదు. 1980 దశకం మొదట్లో దక్షిణ కన్నడ జిల్లా నిడ్లె ప్రాంతంలో జీడిమామిడి తోట కొరకు అడవిని నరికినప్పుడు పెద్ద ఎత్తున ఈ వ్యాధి చెలరేగింది. దట్టమైన అడవి, తోటలు, పశువుల బీళ్ళు ముక్కలు ముక్కలుగా కలిసి ఉన్న చోట్లనే ప్రమాదం హెచ్చు అని ఇటీవలి అధ్యయనాలు కూడా చెబుతున్నాయి. అడవి మధ్యగా గీసిన మన లైను కారిడారు కూడా అటువంటి అంచునే సృష్టిస్తుంది. చెట్లు తీసిన చోట గడ్డి పెరుగుతుంది, గడ్డికి పశువులు వస్తాయి, పశువులతో పిడుదులు వస్తాయి. విద్యుత్తు లేకుండా దేశం నడవదు, లైను లేకుండా విద్యుత్తు రాదు. కాని ఆ అంచున నడిచే మనిషి భద్రత లైను అంచనాలో ఒక భాగమని మేము గట్టిగా నమ్ముతాము.

టీకా సంగతి కొందరు అడుగుతారు. 1990 నుండి కర్ణాటకలో ఒక టీకా వాడుకలో ఉండేది. వ్యాధి కనిపించిన ఊళ్ళ చుట్టుపక్కల గ్రామస్థులకు వేసేవారు. నెల వ్యవధితో రెండు మోతాదులు, ఆపైన బలపరిచే మోతాదులు కావాలి. అనగా డిసెంబరులో దిగిన బయటి గ్యాంగు ఆ రోజే మొదటి సూది వేయించుకొన్నా, జనవరి గండానికి సిద్ధం కాదు. పైగా ఊరి జాబితాలో వారి పేర్లే ఉండవు. ఆ టీకా శక్తి చాలడంలేదని తేలడంతో దానిని నిలిపివేశారు. భారత వైద్య పరిశోధన మండలితో కలిసి మన హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ మెరుగైన టీకా తయారీని చేపట్టింది. ఆ ప్రయత్నం ఫలించాలని కోరుకుందాము.

టీకా చేతికి వచ్చేలోపు తెలివిడే మనకు టీకా. 2014 తరువాత మా విభాగంలో కొన్ని పద్ధతులు అమలులో పెట్టాము. పొదల నరికివేతను పూర్తిగా వేరే కాలానికి మార్చడం సాధ్యపడలేదు; కార్చిచ్చు అంతవరకు ఆగదు. అయితే అడవిలో దిగే ముందు ఆ ప్రాంతపు ఆరోగ్య కార్యకర్తను, అటవీ గార్డును కలిసి, కోతుల చావు కబురు ఉన్నదా అని అడగడం తప్పనిసరి చేశాము. కబురు ఉన్న టవర్ల మధ్య పని నిలిపివేసి, వారు సరేనన్న తరువాతనే తిరిగి మొదలుపెట్టేవారము. చచ్చిన కోతిని తాకరాదనీ, వెంటనే కబురు చేయాలనీ తెలుగు, హిందీ, కన్నడ భాషలలో ఒక కార్డు అచ్చువేయించి ప్రతి కూలీ చేతికి ఇచ్చాము. చదువురాని వారికి మేస్త్రీ చదివి వినిపించేవాడు.

మిగిలినవి ఇంటిల్లిపాది పాటించదగిన జాగ్రత్తలే. అడవిలో నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు వేసుకొని, ప్యాంటు అంచులను మేజోళ్ళలోకి దోపాలి. బట్టలు లేత రంగువైతే పాకే పిడుదు కంటబడుతుంది. గ్వాలియరులోని రక్షణ పరిశోధన సంస్థ రూపొందించిన డెపా నూనెను కర్ణాటక ఆరోగ్య శాఖ వారు పంపిణీ చేస్తున్నారు. అటువంటిది చేతులకు, కాళ్ళకు పూసుకోవాలి. ఎండుటాకుల మీద కూర్చొనరాదు, పడుకొనరాదు. తిరిగి రాగానే బట్టలు వేడినీటిలో వేసి, సబ్బుతో స్నానం చేసి, చంకలు, గజ్జలు, మోకాళ్ళ వెనుక, చెవుల వెనుక వెతుక్కోవాలి. పిడుదు కరిచిన సంగతి చాలాసార్లు నొప్పి ద్వారా తెలియదు. అంటుకొని ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలిపెట్టకుండా నిటారుగా లాగాలి. కిరోసిను పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, గోటితో నలపడం మన పెద్దల అలవాటు. నలిపితే దానిలోని విషం మన వేలికే అంటుతుంది. ఆపైన రెండు వారాలలో జ్వరం వస్తే, అడవికి వెళ్ళిన సంగతి డాక్టరుకు మనమే ముందుగా చెప్పాలి. మలెనాడు డాక్టరు అడుగుతాడు. మన ఊరి డాక్టరుకు అడగాలని తోచకపోవచ్చు.

ఈ వ్యాసం చదివే యువ ఇంజనీర్లలో కొందరు రేపు ఏదో ఒక అడవి లైనుకు బదిలీ అవుతారు. తీగల వంపు ఎంత ఉండాలో, టవరు పునాది ఎంత లోతు ఉండాలో వారికి పుస్తకాలు చెబుతాయి. ఆ నేల మీద ఏ నెలలో ఏ ప్రాణి మేల్కొంటుందో అక్కడి మనుషులు చెబుతారు. ఆఫీసు గోడకు తగిలించే నిర్వహణ పట్టిక మీద నవంబరు నుండి మే వరకు ఎర్ర గీత ఒకటి అదనంగా గీయించండి. కొత్త గ్యాంగు వచ్చిన మొదటి రోజున, పనిముట్ల లెక్క చూడకముందే, దాని అర్థాన్ని వారి భాషలో వారికి చెప్పించండి. అందుకు పట్టేది పావుగంట.